తనిఖీ రోజు కుర్చీలు

ముందే ఒప్పేసుకుంటున్నాను: ఉప్పల్ చౌరస్తాలో ఐదు నిమిషాలు ఆగితే ఐదేళ్లు ఆగానని చెప్పే మనిషిని. ఇందులోంచి సగం తీసేసి చదువుకోండి. మిగిలిన సగం చాలు, కోపం రావడానికి.

నాచారంలో చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో చెకింగ్ పని చేసేవాణ్ని. అక్కడ దారాలు కత్తిరించే నలభై మంది ఆడవాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉండేవారు. వాళ్ల మోకాళ్ల చప్పుడు పోచారం దాకా వినిపించేది. చొక్కాలు కొనే విదేశీ కంపెనీవాళ్లు ఏడాదికోసారి తనిఖీకి వచ్చినప్పుడు మాత్రం టెంట్ హౌస్ నుంచి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు అద్దెకు దిగేవి. వాళ్ల కారు గేటు దాటగానే కుర్చీలూ దాటేవి. ఏటా ఇదే తంతు.

కిందటేడూ కారు వెళ్లింది, టెంట్ హౌస్ అతను ట్రాలీ ఆటోతో దిగాడు. ఎనిమిదేళ్లుగా అక్కడే చేస్తున్న ఒక అక్క, మోకాళ్లు వాచిన మనిషి, కుర్చీలోంచి కదల్లేదు.

"అక్కా, జర లే. చెంగిచెర్లల పెండ్లుంది, కుర్సీలు పోవాలె."

"పెండ్లికొచ్చెటోళ్లు తినిపోతరు తమ్మీ. మేం ఎనిమిదేండ్ల సంది నిలబడ్డం. నువ్వే చెప్పు, కుర్సీ ఎవలకు కావాలె?"

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. ఆయన చెమటకు నాచారం చెరువు అలుగు పారింది.

"ఏంటమ్మా ఇది? కొనేవాళ్ల దేశంలో మన బట్టల మీద సుంకం పెంచారు. ఆర్డర్లు పడిపోతున్నాయి. ఇప్పుడు కుర్చీలంటే ఎలా?"

"సుంకం ఆళ్లేస్తే మా మోకాళ్లు కట్టాల్నా సారూ? నిరుడు ఆర్డర్లు మస్తుగొచ్చినయ్ గదా, అప్పుడేసినవా కుర్సీ?"

ప్రపంచ ఆర్థిక వ్యవస్థ గురించి టీవీల్లో గొంతు చించుకునే పెద్దమనుషులు ఈ లెక్క ఒక్కటి చెప్పరు. లాభం వస్తే పై అంతస్తులోనే ఆగిపోతుంది. నష్టం మాత్రం లిఫ్టులో నేరుగా కిందికి దిగుతుంది.

నలభై మందీ లేవలేదు. కత్తెరలు మాత్రం ఆగలేదు, పని ఆపారనే మాట రాకుండా. నేను వెళ్లి మేనేజరు కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

"నేను పెండ్లికి ఇంకో షాపుల తెచ్చుకుంట. మీకు మాత్రం రోజూ కిరాయి పడ్తది సార్" అంటూ టెంట్ అతను ఖాళీ ఆటో తిప్పుకుపోయాడు. వారం తిరక్కుండా కంపెనీ స్టూళ్లు కొంది. అక్క ఇప్పుడు కూర్చునే పని చేస్తోంది.

ఇక నేను కల్పించిన ముక్క, మేనేజరు కుర్చీలో కూర్చోవడం: నిజానికి ఆ రోజు నేను కూర్చోలేదు. ఉద్యోగం పోతుందని భయపడి, ప్యాడ్ పట్టుకుని మేనేజరు వెనకాలే నిలబడ్డాను. "గట్ల నిలబడితివేందన్నా, కుర్సీ ఎయ్యాల్నా?" అని అక్క అడిగింది కూడా. వాళ్లు లేవకపోవడం మాత్రం అక్షరాలా నిజం. దాన్ని తగ్గించి చెప్పమని ఎవరడిగినా చెప్పను.