పదికి తక్కువైతే

నాకు నోరెక్కువని మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఆడపిల్లల హైస్కూల్లో ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పినదాన్ని, నోరు లేకపోతే ఎలా బతుకుతాను? లెక్క తప్పితే ఊరుకునేదాన్ని గానీ, పక్కపిల్ల పుస్తకంలో చూసి జవాబు దింపేసిందని తెలిస్తే మాత్రం ఆ పిల్ల వేళ్ళకి నా స్కేలు రుచి తెలిసేది. "రాకపోతే రాలేదని చెప్పు, దొంగలెక్క మాత్రం వెయ్యకు" అని క్లాసు దద్దరిల్లేలా అరిచేదాన్ని. అలాంటిదాన్ని, నా కూతురి కాన్పు ముందు పదిహేను రోజులపాటు నేనేం చేసేనో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు.

మాది అమలాపురానికి మూడు మైళ్ళ దూరంలో కాలవగట్టు మీద ఊరు. మా ఆయన పోయేక ఇంట్లో నేనూ, నా ఒక్కగానొక్క కూతురూ. దాన్ని గోదావరి అవతల, కె.గంగవరం దగ్గర ఇచ్చేను. అల్లుడు అక్కడే ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారు. నెమ్మదస్తుడు. మా ఇద్దరి నోళ్ళకీ ఆ ఇంట్లో అతనొక్కడే మందు.

అది మొదటిసారి నీళ్ళోసుకున్నప్పుడు ఏడో నెలలోనే నేను వెళ్ళి పురిటికి తీసుకురావాలి. మా వైపు పద్ధతి అది. కానీ ఆ ఏడు మా స్కూల్లో టెన్తు పిల్లలకి పరీక్షలు. "పరీక్షలు కానియ్యండి వదినగారూ, అవగానే వచ్చి తీసుకెళ్తాను" అని వియ్యపురాలికి ఉత్తరం రాసేను. పరీక్షలయ్యేయి. కోటిపల్లి రేవు దాటి నేను వెళ్ళేసరికి పిల్ల మంచం మీద పడుకుని ఉంది. "రెండ్రోజుల్నుంచి కదలట్లేదమ్మా, పడుకున్నాడేమో" అంది. పడుకోలేదు. మగపిల్లాడు. నా చేతుల్లో గాఢంగా నిద్రపోతున్నట్టే ఉన్నాడు గానీ ఊపిరి లేదు.

ఆ వేళ మా వియ్యపురాల్ని నలుగురిలో పట్టుకుని దులిపేసేను. "ఇంటినిండా ఆడాళ్ళు కదండీ, రెండ్రోజులు కదలకపోతే ఒక్కరికీ అనుమానం రాలేదా?" అని. ఆవిడ తల వంచుకుని విన్నారు. "మీరు ఏడో నెలలో తీసుకెళ్ళి ఉంటే" అని ఒక్క ముక్క అని ఉంటే నా నోరు అక్కడితో మూతపడేది. అనలేదు, పెద్దమనిషి. ఆ అనని మాట నేనే నాకు రోజూ చెప్పుకునేదాన్ని.

రెండేళ్ళకి మళ్ళీ నెల తప్పింది. ఈసారి ఆరో నెల వెళ్ళగానే స్కూలుకి సెలవు పెట్టి మరీ వెళ్ళి తెచ్చేసుకున్నాను. పంటు మీద గోదావరి దాటుతున్నంతసేపూ దాని చెయ్యి వదల్లేదు. ఎవరి పిల్లనో ఎత్తుకుపోతున్నట్టు చూసేరు జనం. చూస్తే చూసేరు.

అమలాపురంలో ఒక లేడీడాక్టరు దగ్గర చూపించేవాళ్ళం. అప్పటికింకా మా వైపుకి స్కానింగులూ అవీ రాలేదు. ఆవిడ చెక్కగొట్టం ఒకటి పొట్టకి ఆనించి, రెండో కొసకి చెవి పెట్టి బిడ్డ గుండె వినేవారు. జరిగినదంతా చెప్పేక నాతో అన్నారు: "టీచరుగారూ, పొద్దున్న లేచిన దగ్గర్నుంచి బిడ్డ ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టమనండి. సాయంత్రానికి పది రావాలి. పదికి తక్కువైతే ఇంక ఆలోచించొద్దు, రిక్షా ఎక్కి వచ్చెయ్యండి."

"ఆయ్, అలాగేనండీ" అన్నాను. లెక్కే కదా, నాకు చెప్పాలా అనుకున్నాను.

వేళ్ళ మీద లెక్కపెడితే మర్చిపోతుందని నేనే ఒక ఏర్పాటు చేసేను. చింతపండు ఒలిచినప్పుడు పోగుపడ్డ పిక్కలు కడిగి ఎండబెట్టి, ఒక పెద్ద గిన్నెలో పోసి, మంచం పక్కన ట్రంకుపెట్టె మీద పెట్టేను. దాని పక్కనే చిన్న గిన్నె. బిడ్డ కదిలినప్పుడల్లా పెద్ద గిన్నెలోంచి ఒక పిక్క తీసి చిన్న గిన్నెలో వెయ్యాలి. దీపాలవేళకి చూసుకుంటే సరి. చిన్నప్పుడు దానికి కూడికలు నేర్పింది కూడా చింతపిక్కలతోనే.

మొదట్లో మహా సరదాగా ఉండేది. నేను మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేసరికే పది దాటిపోయేవి. "అబ్బో, డ్రిల్లుమాస్టార్ని కనేలా ఉన్నావే" అనేదాన్ని. సాయంత్రం కాఫీ తాగేటప్పుడు గ్లాసు పొట్ట మీద ఆనించుకుని కూచునేది. వెచ్చదనం తగిలేసరికి లోపల్నుంచి ఒక తన్ను. గ్లాసు ఎగిరి కాఫీ తొణికేది. "చూసేవా, అమ్మమ్మ కాఫీ బాలేదంటోంది" అని నవ్వేది. ఆ నవ్వు కోసం నేను రోజూ చిక్కటి కాఫీ కలిపేదాన్ని.

ఎనిమిదో నెల వచ్చింది. పిల్ల మారిపోయింది. ఆ నెలేగా మొదటివాడు పోయిన నెల. పొద్దస్తమానం ఆ గిన్నె వైపే చూపు. స్నానానికి వెళ్ళమంటే "ఈలోగా కదిలితే తెలీదమ్మా" అనేది. నేను ఏదైనా చెప్పబోతే "మాట్లాడకు, వింటున్నాను" అనేది. కదలిక వినపడుతుందా ఎక్కడైనా? ప్రార్థన చేసుకుందాం రమ్మంటే "నువ్వు చేసుకో, నేను కళ్ళు మూసుకుంటే లెక్క పోతుంది" అంది. ఒకరోజు సాయంత్రం దాకా ఎనిమిదే అయ్యేయి. అన్నం ముట్టలేదు, నీళ్ళు ముట్టలేదు. దీపాలవేళకి గబగబా రెండు కదిలేయి. అప్పుడు తిని, తిన్నదంతా కక్కేసింది. ఓరి దేవుడా, ఈ లెక్క బిడ్డని కాపాడ్డానికా, తల్లిని చంపడానికా అనిపించింది నాకు.

ఆ మర్నాడే అనుకుంటాను, మధ్యాహ్నం ఇంటికొచ్చేను. అది నిద్రపోతోంది. చెంపల మీద ఏడ్చిన చారలు. పళ్ళెంలో పొద్దున్న పెట్టిన రొట్టె పెట్టినట్టే ఉంది. చిన్న గిన్నెలో మూడే పిక్కలు. నేను చప్పుడు కాకుండా పెద్ద గిన్నెలోంచి రెండు తీసి అందులో వేసేను.

లేచి చూసుకుంది. "ఐదా? మూడే అనుకున్నానే! నిద్రమత్తులో వేసుంటాను" అంది. మొహం విచ్చుకుంది. గోంగూరపచ్చడితో రెండు ముద్దలు తింది. ఆ రెండు ముద్దలు చూసి నాకు లోకం మీద ఉన్న కోపమంతా పోయింది. ఎలాగూ సాయంత్రానికి పది దాటతాయి, రెండు అటూ ఇటూ అయితే కొంపేం మునగదు, పిల్ల తినాలి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మా క్లాసులో దొంగలెక్క వేసిన పిల్లలు చెప్పే సాకులు ఇంతకన్నా బాగుండేవి.

ఇంక రోజూ అదే వరస. మధ్యాహ్నం వచ్చినప్పుడు ఒక రోజు రెండు, ఒక రోజు మూడు. నాలుగైదు రోజులయ్యేసరికి పిల్లలో ఎంత మార్పో! నేను స్కూలు నుంచి వచ్చేసరికి గుమ్మంలోనే ఎదురొచ్చి "పదీ అయిపోయేయమ్మా" అని నవ్వుతూ చెప్పేది. నేను కూడా గిన్నె వైపు చూసి "అమ్మయ్య" అనేదాన్ని. నా వైద్యం పనిచేసిందనుకుని లోపల్లోపల మురిసిపోయేను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తొమ్మిదో నెల వచ్చింది. ఆ వేళ మధ్యాహ్నం చిన్న గిన్నెలో నాలుగున్నాయి. అది వంటింట్లో ఉంది. నేను మూడు వేసి స్కూలుకి వెళ్ళిపోయేను. సాయంత్రం వచ్చేసరికి మామూలుగానే గుమ్మంలో నిలబడి "పది అయ్యేయి" అంది. కాఫీ కలిపి ఇచ్చేను. గ్లాసు పొట్ట మీద ఆనించుకుని గోడకి జేరబడి కూచుంది. నేను ఎదురుగా కూచుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఒక పేపరు అయ్యింది. రెండోది అయ్యింది. గ్లాసు కదల్లేదు. అది తాగుతూ మళ్ళీ ఆనిస్తోంది, మళ్ళీ తాగుతోంది. కాఫీ అయిపోయింది. గ్లాసు రాతిమీద పెట్టినట్టు అలాగే ఉంది.

నా చేతిలో ఎర్రకలం ఆగిపోయింది. పదిలో మూడు పోతే ఏడు అనుకున్నాను. ఏడు, పదికి తక్కువ. నిన్నా తక్కువే. మొన్నా తక్కువే. ఎన్ని రోజులుగా తక్కువో నాకొక్కదానికే తెలుసు. చెప్తే పిల్ల గుండె ఆగిపోతుంది, చెప్పకపోతే లోపలి గుండె ఆగిపోతుంది. లెక్కలు చెప్పే నోరు, ఊరందర్నీ దులిపే నోరు, ఆ ఒక్క మాటకి పెగల్లేదు. చివరికి లేచి దాని పక్కన కూచుని, "అమ్మా, తిట్టుకో, కొట్టుకో. ఆ గిన్నెలో మూడు నేను వేసినవి. రోజూ వేస్తున్నాను" అన్నాను.

తిట్టలేదు. గ్లాసు కింద పెట్టి నాకేసి చూసింది.

"నేనూ వేస్తున్నానమ్మా" అంది.

"నువ్వా? నువ్వెందుకే?"

"నువ్వు స్కూలు నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా ఆ గిన్నెలోకి చూస్తావు కదా. తక్కువుంటే నీ మొహం చూళ్ళేకపోయేదాన్ని. రాత్రి నువ్వు దిండులో తల పెట్టుకుని ఏడవడం నాకు తెలీదనుకున్నావా? అందుకే నువ్వొచ్చే వేళకి పది చేసి ఉంచేదాన్ని."

"ఇవాళ నువ్వెన్ని వేసేవు?"

"లెక్క లేదమ్మా."

"నిజంగా కదిలినవి ఎన్ని?"

"పొద్దున్న ఒకటి. అదీ అనుమానమే."

ఆ తరవాత రిక్షా ఎలా మాట్లాడేనో, తలుపు తాళం వేసేనో లేదో తెలీదు. కాలవగట్టు రోడ్డంతా గుంతలు. "తొందరగా తొక్కవయ్యా" అని ఒకసారి, "నెమ్మదిగా తొక్కలేవా, మనిషివేనా" అని ఇంకోసారి రిక్షా అతన్ని పీక్కుతిన్నాను. "ఆయ్, టీచరమ్మగారండీ, అలాగేనండీ" అంటూ రెంటికీ ఒకే జవాబు చెప్పి, వంతెన మీద దిగి తోసేడు పాపం. అది నా భుజానికి ఆనుకుని రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. ప్రభువా ప్రభువా అనుకోవడం తప్ప నాకు ప్రార్థన కూడా రాలేదు.

డాక్టరమ్మ బల్ల మీద పడుకోబెట్టి, "ఇవాళ ఎన్ని కదలికలమ్మా?" అని అడిగేరు. నేనే చెప్పేను, ఇద్దరం చేసిన పనీ చెప్పేను. ఆవిడ నన్ను చూసినట్టు మా స్కూల్లో ఏ పిల్లనీ నేను చూసి ఉండను. "లెక్కల టీచరై ఉండి" అని సగంలో ఆపేసి, చెక్కగొట్టం తీసి పొట్టకి ఆనించి చెవి పెట్టేరు. తీసి ఇంకోచోట పెట్టేరు. మళ్ళీ ఇంకోచోట. గదిలో ఫ్యాను ఆపించేరు.

"ఉంది" అన్నారు చివరికి. "గుండె కొట్టుకుంటోంది. కానీ బాగా నెమ్మదించింది. ఇంక ఆగడానికి లేదు, ఆపరేషనే."

అల్లుడు గోదావరికి అవతల. కాగితం మీద నేనే సంతకం పెట్టేను. పిల్లని లోపలికి తీసుకెళ్ళేరు. బయట బల్ల మీద కూచున్నాను. ఎంతసేపో తెలీదు. బాగా పొద్దుపోయేక లోపల్నుంచి ఏడుపు వినపడింది. ముందు గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు, తరవాత మా వంశపు నోటితో. ఆడపిల్ల. చిన్నది, చిక్కిపోయి ఉంది. బొడ్డుతాడు మెడకి రెండు చుట్లు చుట్టుకుందట. "రేపటి దాకా ఆగి ఉంటే" అని డాక్టరమ్మ అక్కడితో ఆపేరు. నేను ఆవిడ కాళ్ళ మీద పడబోతే "లేవండి టీచరుగారూ" అని విసుక్కున్నారు.

తెల్లారేక నా కూతురికి మత్తు వదిలింది. పసిదాన్ని నర్సమ్మ పక్కగదిలో వెచ్చగా ఉంచింది. నేను మంచం పక్కనే ఉన్నాను. అది పొట్ట మీద చెయ్యి వేసుకోబోయి, కట్టు తగిలి ఆగింది. కళ్ళు తిప్పి నన్ను చూసింది.

"ఏదమ్మా?"

"ఆడపిల్లే తల్లీ! బాగుంది. బాగా ఏడ్చింది కూడాను. ముక్కు అచ్చం నీదే" అని గబగబా చెప్పి, గట్టిగా నవ్వేను.

అది నవ్వలేదు. నా మొహంలోకి చూస్తూనే ఉంది. చూస్తూ ఉండగానే దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగేయి.

"నువ్వు చెప్పకమ్మా" అంది. "నర్సమ్మని పిలు."

బతికున్న బిడ్డని బతికుందని చెప్తున్నాను. అంతకన్నా నిజమైన మాట నా నోటంట ఎప్పుడూ రాలేదు. అది నా కూతురి దగ్గర చెల్లలేదు. కోపం రాలేదు నాకు, ఏ మొహం పెట్టుకుని వస్తుంది? లేచి వెళ్ళి నర్సమ్మని పిలుచుకొచ్చేను.