పక్కనుంచి వచ్చే మెరుపు

మా ముత్తాత ఇండియా నుంచి ఓడెక్కి ఈ దీవికి వచ్చి, చెరకు తోటల్లో కూలీల మీద సర్దారు అయ్యాడు. మా తాతగారు బ్రిజే వెర్దియేరు ఊళ్ళో సొంత పొలాలున్న మనిషి, గుడికి పెద్ద. ఏటా గుడిలో జరిగే రామభజనలో మొదటి దీపం వెలిగించే హక్కు మా ఇంటి పెద్దకొడుకుదే. మొన్న టీవీలో ఎక్కడో కొండ కడుపులో న్యూట్రినోలను పట్టే యంత్రాన్ని చూపిస్తుంటే, ఆ వంశంలో చివరి పెద్దకొడుకునైన నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఆ పని తొలిరోజుల్లో మేమూ చేశాం.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అవి మా దీవి మీద ఇంకా ఇంగ్లీషువాళ్ళ జెండా ఎగురుతున్న రోజులు. నాన్న పోయారు, వెంటనే వచ్చిన తుఫానుకు చెరకుతోపాటు మా ఇంటి పరువూ సగం ఒరిగింది. నేను ఇండియాలో భౌతికశాస్త్రం చదివి, అక్కడి లోతైన బంగారు గనిలో జరిగే ఒక ప్రయోగంలో చేరి, సెలవుకు ఇంటికి వచ్చాను. న్యూట్రినో భూమినంతా దూసుకుపోయినా దేనికీ తగలదనీ, ఎప్పుడో ఒకటి రాతికి తగిలితే పుట్టే మెరుపు కోసం కాచుకుంటామనీ, పైనుంచి వచ్చే మిగతా కణాలు కొన్ని గని దాకా దిగినా పక్కనున్న అంత రాతిని దాటలేవు కాబట్టి మెరుపు పక్కనుంచి వస్తేనే లెక్కలోకి తీసుకుంటామనీ గుడి అరుగు మీద తాతగారికి విడమరచి చెప్పాను.

"రాయి తిప్పితే బంగారమంటే నమ్మి మావాళ్ళు ఓడెక్కారు. ఇక్కడ రాయే దొరికింది. నువ్వు బంగారమున్న చోటికే పోయి, అది ఒదిలేసి, కి తో పే రోదే, బాబూ?" అన్నారాయన.

ఏం వెతుకుతున్నావని క్రియోల్‌లో అడిగిన ఆ మాటకు అరుగంతా నవ్వింది. వచ్చే రామభజనకు నేను లేకపోతే దీపం టేర్ రూజులో కొట్టు నడిపే మా మామయ్యకు పోతుందని కూడా అక్కడే తేల్చారు.

"మెరుపు చూడందే రాను తాతా," అన్నాను.



గనిలో గోడలు కూడా చెమట పట్టేంత ఉక్క. కణం దూసుకుపోతే వెలిగేలా మేము వరుసగా పేర్చిన గాజు గొట్టాలు నెలల తరబడి చీకటిగానే ఉన్నాయి. భజన రోజు వచ్చింది, దీపం మామయ్య వెలిగించాడు. కబురు తెలిసిన పూట కూడా నేను గనిలోకి దిగాను. ఆ తరువాత ఒకనాడు గొట్టాల వరుసలో అడ్డంగా ఒక సన్నని వెలుగు గీత పడింది. పక్కవాడు నా భుజం పట్టుకున్నాడు, అంతే.

మా దీవికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు ఇంటికి చేరాను. ఒక్కటేనా అని తాతగారు అడిగారు. ఒక్కటే అన్నాను. ఆయన గుడికి వెళ్ళి, మావాడు పట్టాడని అందరికీ చెప్పి వచ్చారు. దీపం మాత్రం మామయ్య ఇంట్లోనే ఉండిపోయింది, నేనూ అడగలేదు.

ఇప్పటి పిల్లలకు న్యూట్రినో బడిపుస్తకంలో ఒక మాట. సర్దారు మునిమనవడంటే ఎవరని అడిగేవాళ్ళు కూడా లేరు. ఆ సెలవు తరువాత నేను గనికి తిరిగి వెళ్ళడానికి, ఓడ ఖర్చుల కోసం, తాతగారు రోడ్డు పక్క చెరకు పొలం అమ్మారు.