మా తమ్ముడికి పెట్టిన పెద్ద కోత

నిజం చెప్పాలంటే ఇది రాయకూడదనే అనుకున్నాను. పెద్ద డాక్టరు పోతే ఆయన దగ్గర నేర్చుకున్న డాక్టర్లు రాస్తారు. బడి మధ్యలో మానేసిన నాలాంటివాడు రాసేదేముంది? కానీ తిరుపతిలో మా పేగుల డాక్టరుగారు నిద్రలోనే పోయారని పోయిన నెల కబురు వచ్చినప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు.

పెద్దపేగు క్యాన్సరుకు పొట్ట నిలువునా కోసే రోజుల్లోనే ఆయనకు మంచి పేరుంది. అయినా నడివయసులో మద్రాసు పోయి, తనకన్నా చిన్నవాళ్ల పక్కన నిలబడి, చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్ నేర్చుకున్నారు. ఇంట్లో అట్టపెట్టెలో అరటితొక్క, చిన్న కెమెరా పెట్టి, టీవీలో చూస్తూ కుట్లు సాధన చేసేవారు. వైష్ణవుల ఇల్లు, మామూలుగా డాక్టర్లు కుట్టి నేర్చుకునే మేకపేగును గడప దాటనివ్వరు. తొక్క ఆయనకు, పండు పిల్లలకు. కొన్నాళ్లకు పండు చూస్తేనే పిల్లలు పారిపోయేవారని ఆయనే చెప్పి నవ్వేవారు. తరవాత ఆ విద్యను ఇక్కడి కుర్ర డాక్టర్లకు దగ్గరుండి నేర్పారు. మనవాళ్లకు వేలూరు పెద్దాసుపత్రికి పరుగెత్తే పని తప్పింది.

ఏదో చెబుతూ ఎక్కడికో పోయాను. నగరిలో మరమగ్గాలు నడిపే మా తమ్ముడు మూలశంక అనుకుని నెలల తరబడి నాటుమందు మింగి, ఆఖరికి ఆయన దగ్గరికి వచ్చాడు. చూస్తే పెద్దపేగులో క్యాన్సరు గడ్డ, అప్పటికే బాగా పెరిగింది.

"చిన్న రంధ్రాలతోనే మొదలుపెడతా. లోపల కుదరకపోతే పెద్దగా కోయాల్సొస్తుంది, సరేనా?" అన్నారు. వాడు సరేనన్నాడు. కుదరలేదు. థియేటర్లోంచి బయటికి వచ్చి నాతో, "నా పేరు చూసుకుంటే మనిషి పోతాడు పెద్దాయనా. కోసినాను" అన్నారు.

తమ్ముడు బతికాడు. తిరిగి మగ్గం దగ్గర నిలబడటానికి మాత్రం చాలాకాలం పట్టింది. నగరిలో వాళ్లు ఊరుకుంటారా? "అందరికీ కిటికీ తెరిచినోడు నీకు గోడే పగలగొట్టినాడే" అని ఆటపట్టించారు. వాడికి రోషం పొడుచుకొచ్చింది.

"నన్ను మోసం చేసినాడన్నా. ఇంక ఆ ఆసుపత్రి ముఖం సూడను" అని చెకప్‌లు మానేశాడు. గడ్డ మళ్లీ వస్తుందేమోనని నాకు భయం.

నేనెప్పుడు తిరుపతి పోయినా డాక్టరుగారు అడిగేది అదే. "మీ తమ్ముడు రాలేదా? కోపం నా మీద ఉండనీ, పేగు మీద ఎందుకు? నా ముఖం చూడొద్దులే, మా జూనియర్ చేత చూపిస్తా, రమ్మను."

ఈ మాట చెబితే తమ్ముడు మగ్గాల చప్పుడులో వినపడనట్టే ఉండేవాడు.

చావు కబురు ఫోనులో చెప్పినప్పుడు మగ్గం ఆపేశాడు. తరవాత, "ఒక్కసారన్నా పోయి కనపడి ఉండాల్సిందన్నా" అన్నాడు.

మొన్న సోమవారం ఒక్కడే బస్సెక్కి తిరుపతి ఆసుపత్రికి పోయాడు. ఒక డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, పరీక్షలు రాసిచ్చి, గురువారం మళ్లీ రమ్మంది. వస్తానని చెప్పాడు.