నీళ్ళకుండల దాకా వచ్చిన పాట

మా బావ పోయాడన్న కబురు నాకెవరూ మోసుకురాలేదు. మనవరాలు పుట్టిందని చెప్పడానికి నేనే ఫోను చేసి తెలుసుకున్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళకి నా కూతురి కడుపు పండింది. గుడివాడలో ఆసుపత్రి ఎదురుగా ఎస్టీడీ బూత్‌లో ఉన్నావిడకీ, వరసలో నిలబడ్డ ముక్కూమొహం తెలియని వాళ్ళకీ లడ్డూలు పంచేసి, దేవుడికి వేయి స్తోత్రాలు చెప్పుకుంటూ బావ అటెండరుగా పనిచేసే మా ఊరి బడికి ఫోను కలిపించాను.

“అటెండరుగారిని పిలవండి బాబూ! గొంతు సవరించుకోమనండి, పాట ఉందని చెప్పండి!” అని అరిచాను.

అవతల ఫోను ఎత్తింది గుమాస్తాగారు. “మీకింకా తెలీదాండీ? పొద్దున్న బడిగంట కొట్టి అరుగు మీద కూర్చున్నారండి. కూర్చున్నవారు అలాగే ఒరిగిపోయారండి.”

నా చేతిలో ఇంకా ఒక లడ్డూ మిగిలి ఉంది.

ఆయన నాకు రక్తసంబంధీకుడేమీ కాదు. అవనిగడ్డ దగ్గర మా ఊళ్ళో బడిగోడని ఆనుకునే నా సైకిలు షాపు. గాలి కొట్టించుకోవడానికి వచ్చి, “ఏం బావా, పాట కూడా పంక్చరైతే అతుకేస్తావా?” అన్నాడు మొదటిరోజే. అప్పట్నుంచీ మేం బావాబావా. నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. రాతలో తప్పులుంటే పెద్దమనసుతో మన్నించండి. అంత మంచి మనిషి గురించి చెప్పకుండా మాత్రం ఉండలేను.

ఉప్పెన వచ్చిననాడు ఆయనకింకా మీసాలు సరిగ్గా రాలేదు. దివిసీమలో శవాలను వరసగా పూడ్చిపెడుతుంటే, ప్రార్థన చేయడానికి పాస్టరుగారైనా దొరకని చోట, గోతి గట్టున నిలబడి ఆయన పాడాడు. ఎవరి బిడ్డ, ఏ మతం అని అడగలేదు. గొంతు పోయేదాకా పాడాడు. బతికి బయటపడ్డవాళ్ళు ఆ గొంతును మరిచిపోలేదు. అదే ఆయన కొంప ముంచింది.

ఆ తర్వాత ఎక్కడ చావు జరిగినా ఆయన కోసం మనిషి వచ్చేవాడు. పెళ్ళికి, పుట్టినరోజుకి, క్రిస్మసుకి ఎవ్వరూ పిలిచేవారు కాదు. “ఆ గొంతు వింటే శవాలు కళ్ళముందు కదులుతాయండీ” అనేవారు. బడిలోనూ అంతే. ఎవరైనా పెద్దమనిషి పోతే సంతాప సభలో పాడటానికి అటెండరుగారు కావాలి. వార్షికోత్సవం అంటే కుర్చీలు వేయడానికి కావాలి. ఒక మాస్టారైతే ఆయన కూనిరాగం తీసినప్పుడల్లా, “ఆపవయ్యా, ఇవాళ ఎవరి వంతు?” అని పదిమందిలో నవ్వేవారు. బావ కూడా నవ్వేవాడు. “మీది కాదులెండి మాస్టారూ, మీకు పెద్ద పాట దాచి ఉంచాను” అనేవాడు.

వార్షికోత్సవం రోజు జనం రాకముందు మైకు సరిచూసే పని ఆయనదే. హలో హలో అనడు. ఖాళీ మైదానానికి ఒక్క చరణం సంతోషంగా పాడి, మైకు తుడిచి దిగిపోయేవాడు. నా కూతురు షాపు గుమ్మంలో కూర్చుని ఆ ఒక్క చరణం కోసమే ఎదురుచూసేది. అందుకే దాని పెళ్ళి కుదరగానే, “మావయ్య పాడకపోతే నేను పందిట్లోకి రాను నాన్నా” అంది. నాకా మాట ఎంత నచ్చిందో! పరుగున వెళ్ళి చెప్పాను. బావ గంట కొట్టే కర్ర చేతిలో పట్టుకుని, గంట కొట్టడం మరిచిపోయి నిలబడ్డాడు.

పాట సొంతంగా కట్టాడు. కానా అనే ఊళ్ళో పెళ్ళికి ప్రభువు వెళ్ళి కుండల్లోని నీళ్ళను ద్రాక్షారసంగా మార్చిన కథ. కాగితం మీద పెట్టే అలవాటు లేదు, అంతా నోట్లోనే. ఒకసారి వినిపించమని బతిమాలాను.

“ముందే తాగేస్తే విందులో ఏం తాగుతావు బావా? ఆగు.”

పెళ్ళిరోజున ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఒక చెవి మీద చెయ్యి పెట్టుకుని కళ్ళు మూశాడు.

“కానా పెండ్లికి పోయినవాడా, మా పందిట్లోకి రావయ్యా...
మా ఇంట ఉన్నవి నీళ్ళకుండలే...”

అంతే. మా వియ్యపురాలు లేచి నిలబడింది. వాళ్ళది సముద్రం ఒడ్డు ఊరు, ఉప్పెన తర్వాత గుడివాడ చేరారు. ఏడుస్తూ చేతులు అడ్డంగా ఊపింది. “ఆపించండి అన్నయ్యగారూ! మా చిన్నోణ్ణి గోతిలో దించినప్పుడు విన్నాను ఆ గొంతు. ఇవాళ వద్దు!” ఆమె ఏడుపులో తప్పు లేదు. కానీ ఆమె వెనకనుంచి ఎవరో, “శవాల పాటగాణ్ణి పెళ్ళికి పిలుస్తారా ఎవరైనా?” అన్నారు. నలుగురు కిసుక్కున నవ్వారు.

బావ మైకు మెల్లగా కింద పెట్టాడు. ఆమె వైపు తిరిగి చేతులు జోడించాడు. తర్వాత చూస్తే, ఇస్త్రీ చొక్కా చేతులు మడుచుకుని బంతిలో సాంబారు వడ్డిస్తున్నాడు. “ఇంకొంచెం వేసుకోండమ్మా” అని ఆ నవ్వినవాళ్ళకి కూడా.

మిగతా పాట ఎన్నిసార్లు అడిగానో. “అది పెళ్ళిపాట బావా. పెళ్ళి అయిపోయిందిగా” అనేవాడు.

మనవరాలు పుట్టిననాడు ఆసుపత్రిలో పాపని ఎత్తుకున్న వియ్యపురాలే, “అన్నయ్యగారూ, ఆయన్ని పిలిపించండి. మా పిల్లాడికి దిక్కులేని రోజున ఆయనే కదండీ పాడింది! ఒక దణ్ణం కూడా పెట్టలేదు నేను. ఆ పాట ఈసారి చివరిదాకా విందాం” అంది. నేను రోడ్డు దాటి బూత్‌లోకి పరిగెత్తింది ఆ మాట మీదే.

బావ సమాధి దగ్గర పాడేవాళ్ళు లేక టేపురికార్డరు పెట్టారు. మధ్యలో బ్యాటరీలు నీరసించి పాట మూలుగులా సాగింది. ఎవరూ దాన్ని ఆపలేదు. పెద్ద పాట కోసం ఎదురుచూస్తున్న ఆ మాస్టారు నా పక్కన నిలబడి, “ఇక మనం పోతే పాడేదెవరయ్యా?” అన్నారు. ఈసారి నవ్వలేదు. అక్కడున్న అందరి దిగులూ అదే.

నా మనవరాలు బంగారుబొమ్మ, చంద్రబింబం, ఎంత చెప్పినా తరగదు. ఉయ్యాల్లో వేసిన రోజున నా కూతురు ఒక చెవి మీద చెయ్యి పెట్టుకుని, మావయ్య పాట ఎత్తుకుంది. వియ్యపురాలు ఉయ్యాల ఊపుతూ వింటోంది. కానా పెండ్లి అయింది, పందిరి అయింది. “మా ఇంట ఉన్నవి నీళ్ళకుండలే...” అని ఆగింది.

“తర్వాతేంటమ్మా?”

“తర్వాత లేదత్తయ్యా. అక్కడే ఆపించారు కదా.”

వియ్యపురాలి చేతిలో ఉయ్యాల తాడు ఆగిపోయింది. పాప కదిలింది. నా కూతురు మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుని, నీళ్ళకుండల దాకా వచ్చి ఆగింది.