కేజువాలిటీలో చెప్పిన ఆ ఒక్క మాట

మావారు మడిచిన చీరకి అంచు అంచుతో కలవకపోవడం నేను మొదటిసారి చూసింది ఒక బుధవారం ఉదయం. మాది బండారులంక. నేత ఇళ్ల నుంచి చీరలు తీసుకుని మోటార్ సైకిల్ మీద అమలాపురం, రాజోలు షాపులకు వెయ్యడం ఆయన పని. పాతికేళ్లుగా చీరలు మడిచిన చేతులు అవి. ఆ రోజు మూడుసార్లు మడిచి మూడుసార్లూ విప్పారు. నాలుగోసారి కుడిచేతిలోంచి కొస జారిపోయింది. జారిందని కూడా ఆయనకు తెలియలేదు.

"తల బరువుగా ఉందే" అన్నారు. కాఫీ ఇచ్చి పడుకోబెట్టాను గానీ నా గుండె దడ అప్పుడే మొదలైంది.

ఎందుకంటే సరిగ్గా వారం ముందు ఆయన బండి మీంచి పడ్డారు. కొబ్బరికాయలు వేసుకెళ్లే ట్రాలీ ఆటో సందులోంచి రోడ్డెక్కుతూ బండి వెనక చక్రానికి తగిలింది. హెల్మెట్ చీరల మూటకి కట్టి ఉంది, తలకి లేదు. ఆటో నడిపిన సత్తిబాబే ఆయన్ని లేవదీసి, మా వీధి చివరి క్లినిక్‌లో కట్టు కట్టించి, టీటీ ఇంజెక్షన్ వేయించి ఇంటికి తీసుకొచ్చాడు. గుమ్మంలో వణుకుతూ నిలబడ్డ మనిషిని చూసి జాలేసి మజ్జిగ ఇచ్చాను. మోచెయ్యి గీసుకుంది, తల వెనక చిన్న బొప్పి కట్టింది, అంతే. కేసు పెట్టమని ఎవరో అంటే, ముగ్గురు పిల్లలున్నవాడు, బండి స్టేషన్లో పడుంటే ఏం తింటారని మావారే వద్దన్నారు. ఆ మాటకి నాకు ఎంతో తృప్తి కలిగింది. గీతలతో పోయిందని దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఇప్పుడు ఆ బుధవారం మధ్యాహ్నానికి వాంతులు మొదలయ్యాయి. సాయంత్రానికి మాట తడబడింది. మా బావగారు, అంటే మావారి అన్నగారు, కారు మాట్లాడి కాకినాడలో పెద్దాసుపత్రికి బయలుదేరదీశారు. దారిలో నాతో ఒక మాట అన్నారు.

"చూడమ్మా, యాక్సిడెంట్ అన్నామంటే పోలీసులొచ్చి రాసుకునేదాకా డాక్టర్లు చెయ్యి వెయ్యరు. ఆ సత్తిబాబూ ఇరుక్కుంటాడు. బాత్రూంలో జారిపడ్డాడని చెప్పేద్దాం."

మావైపు ఇది అందరూ చెప్పే మాటే. దాన్ని అబద్ధం కింద ఎవరూ లెక్కెయ్యరు. కేజువాలిటీలో డ్యూటీ డాక్టరమ్మ పెన్ను పట్టుకుని, ఎలా పడ్డారని నన్నే అడిగింది. బావగారు నా వంక చూశారు.

"బాత్రూంలో జారిపడ్డారండి" అన్నాను. ఎప్పుడని అడిగితే "నిన్నండి" అన్నాను. ఆవిడ రాసుకుంది.

సీటీ స్కాన్ తీశారు. న్యూరోసర్జన్ గారు ఫిల్మును వెలుతురుకి పెట్టి చూపించారు. "సబ్ డ్యూరల్ హెమటోమా అంటారమ్మా. మెదడు మీద రక్తం చేరింది. నొక్కేస్తోంది, వెంటనే తియ్యాలి" అన్నారు. మళ్లీ ఫిల్ము వంక చూసి, "నిన్నటి దెబ్బలా లేదే ఇది" అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. అప్పుడైనా నేను వారం కిందటి సంగతి చెప్పలేదు.

పుర్రెకి రెండు చిన్న రంధ్రాలు చేసి రక్తం తీశారు. మర్నాడు ఆయన కళ్లు తెరిచారు. నా వేళ్లు నొక్కారు. రాజోలు మూట చేరిందా అని అడిగారు. ఆ ఒక్కరోజు ఇచ్చినందుకు నేను ఈనాటికీ భగవంతుడికి రుణపడి ఉన్నాను.

మూడో రోజు జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని, నిమోనియా అని చెప్పి వెంటిలేటర్ పెట్టారు. నేను బడికి వెళ్లి చదువుకోలేదు. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల మా నాన్నగారే మగ్గం పక్కన కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు. ఆయన నేర్పిన అలవాటే రామకోటి రాయడం. ఐసీయూ బయట బెంచీ మీద పుస్తకం తెరిచాను. చెయ్యి ఆడలేదు. 'శ్రీ' రాస్తే 'రామ' దగ్గర ఆగిపోయేది. డాక్టర్లు ఇచ్చే మందులన్నీ నేను చెప్పిన మాటని నమ్మి ఇస్తున్నారేమో, నా మాట వల్లే మావారికి తగ్గట్లేదేమో అని ఒకటే భయం. ఎవరికి చెప్పుకోను? బావగారు మా కోసం తిండి మానేసి తిరుగుతున్న మనిషి. ఆయన్ని తప్పుపట్టలేను.

ఐదో రోజు సర్జన్ గారి గది ముందు నిలబడి జరిగిందంతా చెప్పేశాను. ఆయన కోప్పడలేదు.

"ముందే చెప్పాల్సిందమ్మా. యాక్సిడెంట్ అన్నా మేం ట్రీట్‌మెంట్ ఆపం. పోలీసులకి ఒక ఇంటిమేషన్ పంపుతాం, అంతే."

ఆ 'అంతే' ఇప్పటికీ నా చెవిలో ఉంది. నా అబద్ధం వల్ల వైద్యంలో ఏమైనా తేడా వచ్చిందా అని అడిగాను. "లేదమ్మా, స్కాన్ చూసి చేశాం, మీ మాట విని కాదు" అన్నారు. ఆ రోజే పోలీసులకు కాగితం వెళ్లింది.

తొమ్మిదో రోజు ఉదయం మావారు వెళ్లిపోయారు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి సెప్సిస్ అయిందన్నారు. కేసు నమోదై ఉంది కాబట్టి పోస్ట్‌మార్టం చేసి ఇచ్చారు.

ఇంట్లో మిగిలింది నేను, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి, మంచంలో ఉన్న మా అత్తగారు. పెద్దకర్మ అయ్యాక అమలాపురంలో ఒక లాయరు గారి దగ్గరికి వెళ్లాం. యాక్సిడెంటులో పోయినవారి కుటుంబానికి ట్రిబ్యునల్లో క్లెయిమ్ వేసే హక్కు ఉందని, ఆటోకి ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి ఇవ్వాల్సింది కంపెనీయే గానీ సత్తిబాబు కాదని ఆయన వివరించారు. కేసు వేశాం. కంపెనీ ఇచ్చిన జవాబు లాయరు గారు చదివి వినిపించారు. ఆసుపత్రి కేసు షీట్లో బాత్రూంలో పడ్డట్టు భార్యే చెప్పిందట. ఎఫ్ఐఆర్ పన్నెండు రోజులకి వచ్చిందట. డబ్బు కోసం కథ కట్టారట.

బావగారు తల పట్టుకున్నారు. "నేను చెప్పలేదు, వాళ్లే తప్పు రాసుకున్నారు అనేసెయ్ అమ్మా. నీ నోటితో చెప్పించిన పాపం నాది, అది నాకొదిలెయ్" అన్నారు. లాయరు గారు మాత్రం, జరిగింది చెబితే కేసు పోవచ్చు, పోకపోనూ వచ్చు, జరగనిది మాత్రం నేను చెప్పించనన్నారు.

ఆ నెలలన్నీ నాకు గుండె దడ, అరిచేతుల్లో చెమట. ఈసీజీ తీయించారు. "గుండె బాగుందమ్మా, ఇది యాంగ్జైటీ" అన్నారు. బయట బండి ఆగిన చప్పుడైనా ఉలిక్కిపడేదాన్ని. ఇల్లు నిలబడాలంటే అబద్ధం ఆడాలి. ఆడకపోతే మా అమ్మాయి చదువు ఏమవుతుందో తెలియదు.

ఒకరోజు సత్తిబాబు వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. అతనేం చెబుతాడోనని ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నాను.

"నా బండే తగిలిందని స్టేషన్లో చెప్పేనండి. కోర్టులోనూ చెబుతానండి. ఇన్సూరెన్స్ కంపెనీవోళ్లు వద్దన్నారు" అన్నాడు. వెళ్లబోతూ వెనక్కి తిరిగి, "ఆవేళ మజ్జిగిచ్చేరు కదండీ" అన్నాడు.

సాక్ష్యం చెప్పే రోజు వచ్చింది. దేవుడి సాక్షిగా నిజమే చెబుతానని ప్రమాణం చేయించారు. కంపెనీ లాయరు గారు చాలా మర్యాదగా అడిగారు.

"ఆసుపత్రిలో చెప్పింది అబద్ధమామ్మా, ఇక్కడ చెప్పేది అబద్ధమా?"

"అక్కడ చెప్పిందేనండి అబద్ధం."

"అంటే మీరు అబద్ధం ఆడతారు."

"ఆయ్. ఆడేనండి."

"మరి ఇప్పుడు చెప్పేది మేమెందుకు నమ్మాలి?"

బల్ల మీద ఆసుపత్రి కవరు కనబడింది.

"నన్ను నమ్మక్కర్లేదండి. ఆ ఫిల్ములు చూడండి" అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. తరవాతి వాయిదాకి సర్జన్ గారు కాకినాడ నుంచి వచ్చారు. స్కాన్ రిపోర్టులో 'సబ్ అక్యూట్' అని ఉందని చూపించారు. ఆ రక్తం ఒక్కరోజుది కాదని, రోజుల తరబడి చేరిందని, వారం కిందటి దెబ్బకి సరిపోతుందని చెప్పారు. క్లినిక్ వాళ్లిచ్చిన టీటీ చీటీ నా దగ్గరే ఉంది. దాని మీద తేదీ, 'ఆటో తగిలి బండి మీంచి పడ్డారు' అన్న మాట ఉన్నాయి. సత్తిబాబు కూడా అన్న మాట నిలబెట్టుకున్నాడు.

తీర్పు మా వైపు వచ్చింది. హెల్మెట్ పెట్టుకోనందుకు కొంత తగ్గించారు. అదీ న్యాయమే. కంపెనీ హైకోర్టుకి వెళ్లింది. హైకోర్టు ముందుగా కట్టమన్న భాగంతో మా అమ్మాయి నర్సింగులో చేరింది. మిగతాది ఏమవుతుందో తెలియదు. లాయరు గారి ఫోన్ మోగితే ఇప్పటికీ నా చెయ్యి చల్లబడుతుంది. మందు వాడుతున్నాను, చీరలు నేనే మడుస్తున్నాను, రామకోటి మళ్లీ రాస్తున్నాను. ఆసుపత్రి రోజుల పేజీల్లో 'శ్రీ' దగ్గర ఆగిన చోట్లు అలాగే ఉంచేశాను.

చదివేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆసుపత్రి గుమ్మంలో దెబ్బ ఎలా తగిలిందో, ఏ రోజు తగిలిందో జరిగింది జరిగినట్టు చెప్పండి. చిన్న దెబ్బకి ఇచ్చిన చీటీ అయినా పారెయ్యకండి.

పోయిన నెల మా పక్కింటి వరలక్ష్మి భర్తని బండి మీద వెళుతుంటే కారు గుద్దింది. కేజువాలిటీకి నేనూ తోడెళ్లాను. ఎలా పడ్డారని అడిగితే వరలక్ష్మి నా వంక చూసింది. ఆ చూపు నాకు తెలుసు. తన చెయ్యి పట్టుకున్నాను.

"కారు గుద్దిందండి, ఈవేళ పొద్దున్నే" అంది వరలక్ష్మి.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ రాసుకుని, స్ట్రెచర్ లోపలికి తొయ్యమంది. అంతే.