రెండు నాలుకల మామయ్య

మా మామయ్యకు భయం. దేనికని మాత్రం అడగకండి. అడిగితే చెప్పడం మొదలుపెడతాడు, మీరు ఇల్లు చేరేలోపు ఆ భయం మీకూ పట్టుకుంటుంది. ఆయన భయమంతా ఒక్క మాటలో ఇమిడిపోయేది. "జారితే?"

మెట్లెక్కేవాళ్లను చూసి జారితే అనేవాడు. గాజు సీసా అందుకుంటున్న అత్తయ్యను చూసి జారితే అనేవాడు. అంతవరకూ ఎవరైనా అంటారు. మా అమ్మ ఒకసారి, మంచి ఇల్లు అద్దెకు దొరికిందని తమ్ముడికి సంబరంగా చెబితే, "అది చేయి జారితే?" అన్నాడు. ఆఫీసులో మాట్లాడవేమని అడిగితే, "నోరు జారితే?" అన్నాడు. జారడానికి వీలున్న ప్రతిదాన్నీ తెలుగులో వెతికి పట్టుకుని భయపడ్డ మనిషి ఆయనొక్కడే అయ్యుంటాడు.

ఇంట్లో సీలింగు ఫ్యాను కథ చెబితే మీకు మనిషి అర్థమవుతాడు. కొక్కెం జారితే ఫ్యాను మీద పడుతుందని దానికో తీగ కట్టాడు. తీగ జారితే ఎలా అని ఇంకో తీగ కట్టాడు. ఆ రెండు తీగలూ ఒకదాన్నొకటి ఒరుసుకుని తెగుతాయేమోనని వాటి మధ్య చెక్కముక్క పెట్టాడు. ఆ చెక్క రెక్కలకు అడ్డం పడి ఫ్యాను తిరగడం మానేసింది. ఆ వేసవంతా అత్తయ్య విసనకర్రతో విసురుకుంటూ, తిరగని ఫ్యాను కింద క్షేమంగా కూర్చుంది.

ఇలాంటి మనిషికి ఉద్యోగం ఎవరిస్తారని అనుకుంటారు. చేతి పనిముట్లు తయారుచేసే కర్మాగారం వాళ్లిచ్చారు. డిజైన్ గదిలో స్క్రూడ్రైవర్లు గీయడం ఆయన పని. ఎదురుగా అందరూ సార్ అనేవాళ్లు, వెనక మాత్రం 'జారితే గారు'. నేనూ అక్కడే పరీక్ష బల్ల దగ్గర పనిచేసేదాన్ని. ఆయన గీసి చేయించినదాన్ని తిప్పి తిప్పి పాడుచేయడానికి ప్రయత్నించడం నా ఉద్యోగం. ఇంట్లో మేనకోడలిని, అక్కడ ఆయనకు శత్రువుని.

అప్పట్లో మేం రాచెట్ స్క్రూడ్రైవర్ తయారుచేయబోతున్నాం. మామూలుదైతే ఒక మెలిక తిప్పి, చెయ్యి తీసి, మళ్లీ పట్టుకుని తిప్పాలి. ఇది అలా కాదు. పట్టు వదలకుండా ముందుకీ వెనక్కీ ఆడిస్తుంటే చాలు. ముందుకు తిప్పితే స్క్రూ బిగుస్తుంది, వెనక్కి తిప్పితే పిడి ఒక్కటే టిక్ టిక్ మంటూ వెనక్కి వస్తుంది. లోపలున్నదల్లా ఒక పళ్ల చక్రం, దాని పళ్ల మధ్యలో పడే చిన్న ఉక్కు ముక్క, ఆ ముక్కను వెనకనుంచి నెట్టే స్ప్రింగు. ఆ ఉక్కు ముక్కను మా డిజైన్ గదిలో నాలుక అనేవాళ్లం. మనుషుల్లో పళ్లు నాలుకను కరుస్తాయి, ఇందులో నాలుకే పళ్లను పట్టుకోవాలి. పట్టుకోకపోతే ఏమవుతుందో మామయ్యను అడగనక్కర్లేదు.

మేనేజరుగారికి సన్న పళ్ల చక్రం ఇష్టం. పళ్లు ఎంత సన్నగా ఉంటే పిడిని అంత తక్కువ తిప్పితే సరిపోతుంది, చప్పుడు కూడా చేతి గడియారంలా ముచ్చటగా ఉంటుంది. పిడి నాజూకుగా ఉండాలని నాలుక ఒక్కటే పెట్టించారు. మామయ్య ఒప్పుకోలేదు. సన్న పళ్లంటే లోతు తక్కువ, నాలుక సరిగ్గా పంటి కొన మీద ఆగితే పట్టినట్టే ఉండి పట్టదు, బలం పడగానే వదిలేస్తుంది అన్నాడు. పళ్లు కాస్త పెద్దవి చేసి రెండు నాలుకలు పెడదామన్నాడు. ఒకటి పంటి కొన మీద ఉన్నప్పుడు రెండోది పళ్ల మధ్య లోతుగా దిగి ఉండేలా, రెంటినీ అరపన్ను తేడాతో గీసి, ఒక నమూనా కూడా చేయించి నా బల్ల మీద పెట్టాడు.

"పనిముట్టుకు రెండు నాలుకలెందుకండీ? మనుషుల్లో ఉన్నవాళ్లు చాలడం లేదా?" అన్నారు మేనేజరుగారు. గదంతా నవ్వింది. మామయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నోరు జారుతుందని భయపడి ఆ పైన మాట్లాడలేదు.

మేనేజరుగారు చెడ్డవారేం కాదు. ఆయన భయం ఆయనకుంది. ఈ స్క్రూడ్రైవర్‌ను కొనడానికి పెద్ద బేరం వస్తోందనీ, అది తప్పిపోతే మా విభాగం మూసేస్తామనీ పైవాళ్లు చెప్పారు. అప్పటినుంచి ఆయన మెడ పట్టేసినట్టు నడిచేవారు. ఆయన భయం చూసి మాకు భయం, మా భయం చూసి క్యాంటీన్‌లో టీ పోసేవాడికి భయం.

నా భయం మాత్రం వేరే రోజున మొదలైంది. సన్న పళ్లదాన్ని బల్ల మీద పరీక్షిస్తున్నాను. గట్టి చెక్క, బిగుసుకున్న స్క్రూ. భుజం బలమంతా పెట్టి తిప్పుతుంటే, ఉన్నట్టుండి పిడి చేతిలో తేలికైపోయింది. చప్పుడు కూడా లేదు. నా బరువంతా ముందుకు పడింది, కొన స్క్రూ మీంచి లేచి చెక్క మీద గీరుకుంటూ వెళ్లి, ఆనించి పెట్టిన నా ఎడమచేతి వేళ్ల పక్కన ఆగింది. మళ్లీ చేసి చూశాను. జారలేదు. ఆ రోజంతా చేశాను, ఆ మర్నాడూ చేశాను. ఒక్కసారైనా జారలేదు.

మేనేజరుగారు విని, మేనమామ పోలిక వచ్చిందన్నారు. మామయ్య మాత్రం నవ్వలేదు. నా ఎడమచెయ్యి పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే విడదీసి చూశాడు. "ఎప్పుడూ జారేదాన్ని ఎవరూ కొనరమ్మాయ్," అన్నాడు. "ఎప్పుడో జారేదాన్నే నమ్మి కొంటారు. దానికే భయపడాలి."

కొనేవాళ్లు వచ్చే రోజు దగ్గరపడింది. వాళ్ల ముందు నిలువు తలుపుకి బందు, అదే కీలు, బిగించి చూపాలి. ఎడమచేత్తో బందును తలుపుకి అదిమిపట్టి, కుడిచేత్తో స్క్రూ తిప్పాలి. స్క్రూకీ వేళ్లకీ మధ్య ఎడం ఉండదు. ఆ పని నాకే అప్పగించారు. కుదరదంటే విభాగం మూతపడిన పాపం నా మీదే పడుతుంది. సరేనన్నాను. ఆ రోజునుంచి కూర తరిగే కత్తిని కూడా దూరంగా పెట్టాను.

అంతకన్నా భయంకరమైన సంగతి ఇంకొకటుంది. మామయ్య జారితే అనడం మానేశాడు. మా ఇంట్లో నేను స్టూలెక్కి బల్బు మారుస్తుంటే చూస్తూ ఊరుకున్నాడు. మా అమ్మ హడలిపోయి, డాక్టరుకు చూపించమని అత్తయ్యకు ఫోన్ చేసింది.

ఆ రోజు రానే వచ్చింది. కొనడానికొచ్చిన ఆవిడ పెద్ద వయసామె, పనిముట్ల దుకాణాలు చాలా ఉన్నాయట. కుర్చీ వేస్తే కూర్చోకుండా తలుపు పక్కకే వచ్చి నిలబడింది. మేనేజరుగారు పెట్టె తెరిచి లేతాకుపచ్చ పిడి ఉన్న స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చారు. మామయ్య వెనక గోడకు ఆనుకుని, ముందున్న కుర్చీ వీపును రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

బందును అదిమిపట్టాను. స్క్రూ పెట్టి ముందుకు తిప్పాను, వెనక్కి తిప్పాను. నా చెయ్యి ఆగిపోయింది. రావలసింది ఆ ముచ్చటైన ఒంటి టిక్కు. వచ్చింది మొరటుగా, జంటగా, ఒకదాని వెనక ఒకటి తరుముకొస్తున్న చప్పుడు. మేనేజరుగారి ధ్యాసంతా ఆవిడ మొహం మీదే ఉంది గానీ, ఆ చప్పుడు నాకు తెలుసు. మామయ్య రెండు నాలుకల నమూనాను నా బల్ల మీద నేనే పరీక్షించాను. అది మేనేజరుగారి పిడిలోకి ఎలా వచ్చిందో ఊహించుకోగానే నా భయం పక్కకు జరిగి ఇంకో భయానికి చోటిచ్చింది. వీధి దాటడానికి కూడా తోడడిగే మనిషి, మేనేజరు బీరువా తీసి, పెట్టెలో చెయ్యిపెట్టి, పిడి లోపల గీకి చోటు చేసి, పేగులు మార్చి మళ్లీ మూసేశాడు. దొరికితే ఉద్యోగం ఉండదు.

తిప్పడం తప్ప చేయగలిగిందేమీ లేదు. స్క్రూ గట్టి చెక్కలోకి దిగుతున్నకొద్దీ పిడి బరువెక్కింది. అప్పుడు నా బల్ల మీద జారింది సరిగ్గా ఇంత బరువు దగ్గరే. కళ్లు మూసుకుని భుజం పెట్టాను. పట్టు వదల్లేదు. బందు చివరి స్క్రూ వరకూ అలాగే పట్టింది. కళ్లు తెరిచేసరికి ఆవిడ నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని వెనక్కి తిప్పి వింటోంది. చేతిలో గట్టిగా ఉందని, ఇలాంటివే కావాలని చెప్పింది. అచ్చం ఇలాంటివే పంపుతామన్నారు మేనేజరుగారు. ఆయన మెడ చాలా రోజుల తరువాత కాస్త వదులైంది.

అంతా అయిపోయిందనుకున్నాను. వెనకనుంచి కుర్చీ కిర్రుమంది.

"వీళ్లు పంపేవి అవి కావండి," అన్నాడు మామయ్య.

స్క్రూడ్రైవర్ నాలుక జారలేదు గానీ మామయ్య నోరు జారింది. గదిలో ఉన్న మా అందరి గుండెలూ ఒకేసారి జారాయి. మేనేజరుగారు నెమ్మదిగా వెనక్కి తిరిగారు.

"మీరు నా పెట్టెలో చెయ్యి పెట్టారా?"

"పెట్టానండి. వణుకుతూనే పెట్టాను." ఇప్పుడూ వణుకుతూనే ఉన్నాడు. కుర్చీ కాళ్లు నేలమీద టకటక మంటున్నాయి. తయారుకాబోయేది ఒంటి నాలుకదనీ, దానితో చూపిస్తే మేనకోడలి చెయ్యి తెగుతుందేమోనని లోపలిది మార్చాననీ, తప్పేననీ, వరసగా చెప్పేశాడు.

కొనడానికొచ్చిన ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఈ అమ్మాయి చేతికి ఏమీ కాలేదు. ఎవరూ కనిపెట్టలేదు కూడా. మరి ఇప్పుడెందుకు చెబుతున్నారు?"

"ఈ చెయ్యంటే తప్పించానండి," అన్నాడు మామయ్య. "మీ దుకాణంలో కొనుక్కునేవాళ్ల చేతులు ఎక్కడెక్కడ ఉంటాయో. వాళ్లందరి ఇళ్లకీ వెళ్లి మార్చి రాలేను కదా."

ఎవరూ నవ్వలేదు. ఇన్నేళ్లూ ఆయన మాకోసం భయపడుతున్నాడని నాకు ఎందుకు తట్టలేదో తెలియదు. మెట్ల మీద ఉన్నది ఎప్పుడూ ఇంకొకరి కాలే. సీసా పట్టుకున్నది ఇంకొకరి చెయ్యే. తన కాలో చెయ్యో జారితే అని ఆయన అనగా నేనెప్పుడూ వినలేదు. నాకు ఆయన మీద పట్టరాని ప్రేమ కలిగింది, ఆ కుర్చీ లాక్కుని ఆయన్ని కూర్చోబెట్టాలనిపించింది.

ఆవిడ ఒంటి నాలుకది తెమ్మంది. తెచ్చి ఇస్తే తాను తీసుకోకుండా మేనేజరుగారి వైపు చూపించింది. "మీరు తిప్పండి. ఎడమచెయ్యి ఇదిగో, ఇక్కడ పెట్టి."

మేనేజరుగారు చొక్కా చేతులు మడిచారు. ఇంకో బందును తలుపుకి అదిమిపట్టారు. స్క్రూ పెట్టారు. పిడి పట్టుకుని తిప్పబోయి, తన వేళ్ల వంక చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు. తరువాత చెయ్యి తీసేసి, "రెండు నాలుకలదే పంపుతామండి," అన్నారు.

ఆవిడ తల ఊపి, నా చేతిలో నిలబడ్డ నమూనాను సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. వరండాలో మేనేజరుగారు మామయ్యను ఆపి, ఈ సంగతి తనకు ముందే గట్టిగా చెప్పాల్సింది కదా అన్నారు. గట్టిగా చెప్పాలంటే భయమండీ అన్నాడు మామయ్య. మేనేజరుగారు తల పట్టుకుని, ఈసారి బీరువా తాళం తననే అడగమని చెప్పి వెళ్లారు. ఉద్యోగం పోలేదని నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. మామయ్య మొహం మాత్రం తేరుకోలేదు.

"ఇంకేమిటి మామయ్యా?"

"నువ్వు మా ఇంటిదాకా రావాలమ్మాయ్. నువ్వే ముందు లోపలికెళ్లాలి."

దారిలో చెప్పాడు. నాలుక ఇంకొకటి పెడితే దానికి ఇంకో స్ప్రింగు కావాలి. పాత నమూనాలోది వంగిపోయింది. స్టోరులో అడిగితే దేనికంటారు. నిజం చెబితే దొరికిపోతాడు, అబద్ధం చెప్పడానికి భయం. అందుకని అత్తయ్య కుట్టుమిషన్‌లో దారాన్ని బిగువుగా ఉంచే చిన్న స్ప్రింగు ఊడదీసి, వంచి, సరిపెట్టాడు. ఇప్పుడది కొనడానికొచ్చిన ఆవిడ సంచిలో వెళ్లిపోయింది. మిషన్ ఎందుకు దారం ముడులు వేస్తోందా అని అత్తయ్య తలకొట్టుకుంటోందట.

నేను ముందు వెళ్లాను. అత్తయ్య మిషన్ ముందు కూర్చుని ఉంది, ఒళ్లో సగం కుట్టిన రవిక ఉంది. జరిగిందంతా చెప్పాను. మామయ్య గుమ్మం బయటే నిలబడ్డాడు. అత్తయ్య నా ఎడమచెయ్యి లాక్కుని, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. చూసి వదిలేసి గుమ్మం వైపు తిరిగింది.

"నన్ను అడగొచ్చు కదండీ."

"ఇవ్వవేమోనని భయపడ్డాను," అన్నాడు బయటినుంచే.

"ఇచ్చేదాన్ని. తిట్టి ఇచ్చేదాన్ని."

"ఆ తిట్లకే భయం."

అత్తయ్య రవిక పక్కన పడేసి లేచింది. భోజనం వడ్డించినంతసేపూ, చెప్పకుండా ముట్టుకున్నందుకు ఒకసారి, రోజుల తరబడి తనచేత ముడులు విప్పించినందుకు ఒకసారి, గుమ్మం బయట నిలబడినందుకు ఒకసారి తిడుతూనే ఉంది. మామయ్య తల వంచుకుని, అడిగి మరీ రెండోసారి వడ్డించుకుని, చాలా రోజుల తరువాత కడుపునిండా తిన్నాడు.