పాట కింద గొంతు

వీడియోలు తీసినన్నాళ్లూ ఆయన్ను అందరూ పాటలాయన అనేవారు. ఎవరి క్యాసెట్టయినా సరే, అసలు శబ్దం తుడిచేసి సినిమా పాట ఎక్కించనిదే చేతికిచ్చేవాడు కాదు. హారన్లు, దగ్గులు, కుర్చీలు లాగే చప్పుళ్లు, అన్నీ ఆయన లెక్కలో చెత్తే. సొంతింటి క్యాసెట్లనైతే మరీ ముద్దుగా ముస్తాబు చేశాడు.

ఆ ముస్తాబే ఇప్పుడు కొంప ముంచింది. భార్య పోయేనాటికి కూతురికి ఊహ తెలియదు. ఆ కూతురే ఇప్పుడు కడుపుతో ఉంది. "అమ్మ గొంతెలా ఉంటుందో ఒక్కసారి వినాలి నాన్నా" అంది.

ముందుగదిలో కంప్యూటరు పక్కన పాత వీసీఆర్ పెట్టుకుని, ఒక్కో టేపూ నడుస్తున్నంతసేపూ కాచుకుని కూర్చుని, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాడు. భార్య నవ్వుతూ ఏదో చెబుతోంది. వినిపించేది మాత్రం పాటే.

"అమ్మ నోరు తెరిస్తే చాలు, ఎవరో గాయని వచ్చి పడుతోందేంటి నాన్నా!" అని కూతురు నవ్వింది. ఆ నవ్వు సగంలోనే చచ్చిపోయింది.

ఆయన మళ్లీ వీసీఆర్ విప్పుకుని కూర్చున్నాడు. చేతికి పని చెబితేనే బుర్ర కదిలే మనిషి. టేపును చదివే హెడ్డు తుడుస్తుండగా తట్టింది: ఒక్క టేపు మాత్రం అరువు తెచ్చిన పెద్ద కెమెరాతో తీశాడు. అది శబ్దాన్ని రెండు చోట్ల రాస్తుంది, టేపు అంచున ఒకటి, బొమ్మ అడుగున ఒకటి. పాట ఎక్కిస్తే చెరిగేది అంచుదే. అడుగుదాన్ని చదవగల వీసీఆర్ అటక మీద మూలుగుతోంది. దాని బెల్టు మార్చి, టేపుకు పట్టిన బూజు స్పిరిటుతో ఓపిగ్గా తుడిచాడు.

మర్నాడు మధ్యాహ్నం కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని నడిపించాడు. బాల్కనీలో భార్య పాపకు తల తుడుస్తోంది. పాట లేదు. గాలి, కింద వీధిలో సైకిల్ బెల్లు. ఇంతలో టేపులోంచి గదంతా అదిరేలా ఆయన గొంతే:

"మాట్లాడకు, మాట్లాడకు! ఎలాగూ పాట వేస్తాగా. ఊరికే నవ్వు, చాలు."

ఆమె కెమెరా వైపు తిరిగింది.

"సరేలెండి."

అంతే. టేపు అయిపోయేదాకా మళ్లీ పెదవి విప్పలేదు. చెప్పినట్టే నవ్వుతూ కూర్చుంది.

కూతురు చెంపలు తుడుచుకోవడం కూడా మరిచి తెరకేసి చూస్తోంది. ఆయన తల ఎత్తలేకపోయాడు. చేయి మాత్రం అలవాటు కొద్దీ మౌస్ మీదికి పోయింది. తన మాటలున్న ముక్కను గుర్తుపెట్టి, "ఇది కోసేస్తానమ్మా. అమ్మ మాట ఒక్కటీ శుభ్రంగా మిగులుతుంది" అన్నాడు.

"వద్దు నాన్నా. అది కోసేస్తే అమ్మ ఎవరికి సరే అన్నట్టు?"

ఆయన మౌస్ వదిలేశాడు. కూతురు దాన్ని అందుకుని వెనక్కి జరిపింది. ఆయన గొంతు మళ్లీ కసిరింది. ఆమె మళ్లీ సరేనంది.